ప్లాస్టిక్ స్కేల్ మోడల్ కార్లు కట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ట్యాంకులూ యుద్ధవిమానాలూ కట్టేవాళ్ళకి ఒక సుఖం ఉంది, ఎక్కడైనా తేడా కొడితే కాస్త బురద, కాస్త మసి పూసి కప్పెట్టేయొచ్చు. కారుకి ఆ ఛాన్స్ లేదు. షోరూమ్‌లోంచి అప్పుడే బయటికొచ్చినట్టు మెరవాలి, మెరిసిందా, కింద దాక్కున్న ప్రతి గీతా ప్రతి గుంటా లైట్ పడగానే బయటపడిపోతుంది. అందుకే ఈ పేజీలో సగం గోల బాడీ గురించే, ఇంజిన్లూ సీట్లూ తర్వాత.

1/24 కీ 1/25 కీ తేడా ఏంటి? ఏది కొనాలి?

1/24 అంటే అసలు కారులో 24 సెంటీమీటర్లు మోడల్లో 1 సెంటీమీటర్ అవుతుంది, అంతే. టమియా, ఫుజిమి, అవోషిమా, హసెగావా లాంటి జపాన్ కంపెనీలవి ఎక్కువ 1/24, ఏఎంటీ, ఎంపీసీ లాంటి అమెరికన్ పేర్లతో వచ్చేవి ఎక్కువ 1/25, రెవెల్‌లో రెండూ దొరుకుతాయి. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ దాదాపు 4.08 మీటర్లుంటుంది కాబట్టి 1/24 లో 170 మిల్లీమీటర్లు, 1/25 లో 163. ఈ ఏడు మిల్లీమీటర్ల తేడా షెల్ఫ్ మీద పక్కపక్కన పెట్టినా చాలామందికి కనపడదు. కానీ ఒక కిట్‌లోని చక్రాలు ఇంకో కిట్‌కి వేద్దాం అనుకున్నప్పుడు మాత్రం బాగా తెలుస్తుంది. ఫార్ములా వన్ కార్లయితే 1/20 ఎక్కువ, ఇంకా పెద్దది కావాలంటే 1/12 ఉంది, కానీ మొదటి కిట్‌గా దాని జోలికి వెళ్ళకండి.

మొదటి కిట్ ఎలాంటిది తీసుకుంటే మంచిది?

ఇంజిన్ లేని కిట్. బానెట్ బాడీతో కలిసిపోయి ఉంటుంది, కింద చాసిస్, లోపల సీట్లు, అంతే. ఇంజిన్ ఉన్న కిట్‌లో బానెట్ విడిగా వస్తుంది, అది బాడీలో సరిగ్గా కూర్చోబెట్టడమే పెద్ద పని. రంగు కూడా మామూలు సాలిడ్ కలర్ ఎంచుకోండి, మెటాలిక్ వద్దు, రెండు రంగుల స్కీమ్ అసలే వద్దు.

ఇంకోటి, బాక్స్ మీద బొమ్మ కొత్తగా ఉందని లోపల అచ్చు కూడా కొత్తదే అనుకోకండి. 1960ల నాటి అచ్చులతో ఇప్పటికీ కిట్లు తీస్తుంటారు. వాటిలో పార్ట్స్ అంచుల వెంబడి పల్చటి ప్లాస్టిక్ పొర వేలాడుతూ ఉంటుంది, అది గీకుతూ కూర్చోవాలి. అలా అని అవి చెత్తవేం కాదు. ఏఎంటీ వాళ్ళు 1958 లో ఒకే బాక్స్‌లో మూడు రకాలుగా కట్టుకునే కిట్లు మొదలెట్టారు, మామూలుగా, కస్టమ్‌గా, రేస్ కారుగా. ఆ పద్ధతి కిట్లలో వాడకుండా మిగిలిపోయే పార్ట్సే ఒక డబ్బాకి సరిపడా ఉంటాయి, ఆ డబ్బా తర్వాత ఎన్నిసార్లు ఆదుకుంటుందో.

టూల్స్ ఏమేం కావాలి?

ప్లాస్టిక్ కోసమే చేసిన సన్న మూతి నిప్పర్, 11 నంబర్ బ్లేడ్ ఉన్న హాబీ కత్తి, 400 నుంచి 3000 దాకా వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం, నంబర్ పెరిగేకొద్దీ నునుపు), ఒక ట్వీజర్, మాస్కింగ్ టేప్, బట్టల క్లిప్పులు, టూత్‌పిక్‌లు, ఇయర్ బడ్స్. ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చల్లే చిన్న గన్) మొదటి రోజే అక్కర్లేదు, స్ప్రే డబ్బాతో అద్భుతంగా వేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. బ్లేడ్లు మాత్రం పిసినారితనం చేయకుండా మారుస్తూ ఉండండి, మొద్దుబారిన బ్లేడ్ ప్లాస్టిక్‌ని కోయదు, చింపుతుంది, జారితే మీ వేలు కోస్తుంది.

ఫ్రేమ్ (పార్ట్స్ అన్నీ అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి పార్ట్ కట్ చేసినచోట తెల్ల మచ్చ పడుతోంది, ఎందుకు?

ఒకేసారి దగ్గరగా కట్ చేస్తున్నారు. ముందు పార్ట్‌కి దూరంగా కట్ చేసి బయటికి తీయండి, మిగిలిన మొటిమని రెండోసారి కట్ చేయండి, చివర్లో కొసరు మిగిలితే కత్తితో చెక్కి పేపర్ రుద్దండి. చేత్తో మెలిపెట్టి విరవడం మాత్రం ఎప్పుడూ వద్దు, పార్ట్‌లోంచి ముక్క ఊడొస్తుంది. క్రోమ్ పార్ట్స్ అయితే ఆ మచ్చ దాచడం కష్టం కాబట్టి కనపడని వైపు నుంచి కట్ చేయండి.

పార్ట్స్ కడగాలా నిజంగా?

కడగండి. అచ్చులోంచి ఈజీగా ఊడిరావడానికి వాడే జిడ్డు పార్ట్స్ మీద మిగిలిపోవచ్చు, పైగా మన చేతి జిడ్డు. గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్, పాత టూత్‌బ్రష్. ఐదు నిమిషాల పని. సింక్‌లో జల్లెడ పెట్టుకోండి, చిన్న ముక్క డ్రెయిన్‌లోకి పోతే ఇక గోవిందా.

ఏ గ్లూ వాడాలి? ఇంట్లో సూపర్ గ్లూ ఉంది, అది చాలదా?

చాలదు. ఈ కిట్ల ప్లాస్టిక్ పాలిస్టైరీన్. మోడల్ సిమెంట్ అనేది అసలు జిగురే కాదు, అది ప్లాస్టిక్‌ని కొంచెం కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది, ఒకరకంగా వెల్డింగ్ అన్నమాట. నీళ్ళలా పల్చగా ఉండే రకం, టమియా ఎక్స్‌ట్రా థిన్ లాంటిది, వాడే పద్ధతి వేరే: రెండు ముక్కలూ ముందు కలిపి పట్టుకుని, సందు దగ్గర బ్రష్ అలా ఆనించి తీసేయండి, సందులోకి అదే పాక్కుంటూ పోతుంది. ముందే రాసేసి తర్వాత అతికిద్దాం అనుకుంటే ఆరిపోయి కూర్చుంటుంది. వేలు సరిగ్గా సందు మీద పెట్టి పట్టుకున్నారనుకోండి, గ్లూ వేలి కిందకి పాకి మీ వేలిముద్ర ఆ కారు మీద శాశ్వతంగా ఉండిపోతుంది.

సూపర్ గ్లూ రెజిన్ పార్ట్స్‌కి, 3డీ ప్రింట్ పార్ట్స్‌కి, ఫోటో ఎచ్ రేకులకి (రసాయనంతో చెక్కిన పల్చటి లోహపు ముక్కలు). వాటిని సిమెంట్ కరిగించలేదు కాబట్టి సిమెంట్‌తో అతుక్కోవు. పెయింట్ వేసిన చోట గానీ క్రోమ్ ఉన్నచోట గానీ సిమెంట్ పట్టదు, అతికించే జాగా వరకు గీకేయాలి.

బాడీ మీద సన్నటి గీతలు కనిపిస్తున్నాయి, అవి డిజైనేనా?

కాదు, అచ్చు ముక్కలు కలిసే చోట పడే గీతలు అవి. ముందు మడ్‌గార్డుల పైన, రూఫ్ పిల్లర్ల వెంబడి, డిక్కీ మూలల దగ్గర ఎక్కువ ఉంటాయి. బాడీని కిటికీ వెలుతురు వైపు వాల్చి మెల్లగా తిప్పండి, కంటికి ఆనకపోతే గోరు పెట్టి అడ్డంగా లాగండి, గోటికి తగులుతుంది. కత్తిని నిలువుగా పట్టి వీపుతో గీకి, 600 తర్వాత 1000 పేపర్ తడిపి రుద్దండి. గుంట ఉంటే లిక్విడ్ పుట్టీ, మిస్టర్ సర్ఫేసర్ 500 లాంటిది, బ్రష్‌తో పెట్టి ఆరాక రుద్దాలి. వెంట్రుక మందం గీతకి ట్యూబ్ పుట్టీ మెత్తేవాళ్ళున్నారు, గోటితో పోయేదానికి గొడ్డలెందుకండీ.

ఇదే టైంలో చేయాల్సిన పని ఇంకోటుంది, చాలామంది మర్చిపోతారు: డోర్ల చుట్టూ, డిక్కీ చుట్టూ ఉండే గాడులు లోతు చేయడం. ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత) రెండు కోట్లు, రంగు మూడు, క్లియర్ (రంగు మీద వేసే పారదర్శక పూత) మూడు పడేసరికి ఆ గాడి పూడుకుపోయి డోర్ అనేది ఉందా లేదా అన్నట్టు తయారవుతుంది. స్క్రైబర్ (గీతలు గీసే మొనదేలిన పనిముట్టు)తో గానీ కత్తి వీపుతో గానీ గాడి వెంబడి బరువు వేయకుండా నాలుగైదు సార్లు లాగండి. బరువు వేస్తే బ్లేడ్ గాడి దాటి డోర్ మీద గీత గీస్తుంది, మళ్ళీ పుట్టీ, మళ్ళీ పేపర్.

ప్రైమర్ తప్పనిసరా?

తప్పనిసరి అనే అంటాను. రంగు పట్టుకోవడానికి ఒకటి, తప్పులు చూపించడానికి ఇంకొకటి. గ్రే ప్రైమర్ పడగానే పుట్టీ పెట్టినచోట, గీకిన చోట ఏం మిగిలిందో మొత్తం కనిపిస్తుంది, అప్పుడు సరిచేసి మళ్ళీ ప్రైమర్. పసుపు, తెలుపు, ఎరుపు లాంటి రంగులకి తెల్ల ప్రైమరో పింక్ ప్రైమరో వాడితే రంగు నిగారింపుగా వస్తుంది, గ్రే మీద ఎరుపు వేస్తే డల్‌గా ఉంటుంది.

ఎర్ర ప్లాస్టిక్‌తో జాగ్రత్త. నేను ఒకసారి ఎర్ర ప్లాస్టిక్ బాడీకి నేరుగా తెల్ల ప్రైమర్ వేసి, దానిమీద తెల్ల రంగు వేసి, సాయంత్రానికి సూపర్‌గా ఉంది అనుకుని పడుకున్నా. పొద్దున లేచి చూస్తే కారు లేత గులాబీ రంగులో ఉంది. ఇంకో కోట్ వేశా, మళ్ళీ గులాబీ. ప్లాస్టిక్‌లోని ఎర్ర రంగుని పెయింట్‌లో ఉన్న థిన్నర్ కరిగించి పైకి లాగేస్తుంది, ఎన్ని కోట్లేసినా అంతే. ముందు ఒక సిల్వర్ కోట్ వేసి ఆరనిచ్చి దానిమీద ప్రైమర్ వేస్తే చాలావరకు ఆగుతుంది.

స్ప్రే డబ్బాతో అద్దంలా రావాలంటే ఎలా?

డబ్బాని గోరువెచ్చని నీళ్ళలో ఐదు పది నిమిషాలు ఉంచండి, చెయ్యి హాయిగా పెట్టగలిగే వేడి మాత్రమే, మరిగే నీళ్ళు, స్టవ్ దగ్గర పెట్టడం లాంటివి చేస్తే పేలుతుంది. వెచ్చబడితే లోపల రంగు పల్చనై, ప్రెషర్ పెరిగి సన్నటి తుంపరగా వస్తుంది. తర్వాత ఒక నిమిషం పైగా బాగా ఊపాలి.

బాడీకి 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోండి. స్ప్రే బాడీకి బయట మొదలెట్టి, బాడీ మీదుగా ఒకే స్పీడ్‌లో లాగి, బయటికి వెళ్ళాకే వేలు తీయండి, బాడీ మీదే మొదలెడితే ఫస్ట్ వచ్చే చుక్కలు అక్కడే పడతాయి. మొదటి రెండు కోట్లు మంచు రాలినట్టు పల్చగా, కింద ప్రైమర్ కనపడుతూనే ఉండాలి, ఇక్కడే చాలామందికి ఓపిక ఉండదు. పది పదిహేను నిమిషాల గ్యాప్. చివరి కోట్ మాత్రం తడి తడిగా, ఉపరితలం ఒక్కసారి నీళ్ళలా మెరిసి ఆగేంత. ఇంకొంచెం ఎక్కువైతే కారిపోతుంది. ఆ హద్దు ఎక్కడుందో మాటల్లో చెప్తే రాదు, ప్లాస్టిక్ స్పూన్ల మీద నేర్చుకోవాలి. స్పూన్ వీపు సరిగ్గా కారు మడ్‌గార్డ్ లాంటి వంపు ఉంటుంది. బాడీ వేసే ప్రతిసారీ పక్కన ఒక స్పూన్ కూడా వేయండి, ఆరిందా లేదా అని ముట్టుకోవాలనిపిస్తే ఆ స్పూన్‌ని ముట్టుకోండి. నా మొదటి కారు బానెట్ మీద నా బొటనవేలు ముద్ర ఇప్పటికీ ఉంది, గీతలు లెక్కపెట్టొచ్చు.

వర్షం పడేరోజు, గాల్లో తేమ ఎక్కువున్న రోజు లాకర్ (ఘాటైన థిన్నర్‌తో వచ్చే, త్వరగా ఆరే పెయింట్) వేయకండి, తెల్లగా మంచు పట్టినట్టు అయిపోతుంది.

లాకర్, యాక్రిలిక్, ఎనామెల్ పెయింట్లలో ఏది దేనిమీద వేయొచ్చు?

థిన్నర్ ఘాటుని బట్టి ఆలోచించండి. లాకర్ ఘాటైనది, అది అడుగున. దానిమీద యాక్రిలిక్, దానిమీద ఎనామెల్ అయినా ఇబ్బంది లేదు. తిరగేసి ఎనామెల్ మీద లాకర్ కొట్టారంటే కింది రంగు ముడతలు పడి లేచిపోతుంది. టమియాలో టీఎస్ డబ్బాలు ఈ ప్లాస్టిక్ కోసం, పీఎస్ డబ్బాలు ఆర్సీ (రిమోట్‌తో నడిచే) కార్ల పాలికార్బొనేట్ బాడీల కోసం, తప్పుగా తీసుకోకండి. అసలు కార్లకి వేసే పెయింట్ కూడా మోడల్‌కి వాడేవాళ్ళున్నారు, దానికి మంచి ప్రైమర్ అడ్డం ఉండాలి లేకపోతే ప్లాస్టిక్‌ని తినేస్తుంది, మెటాలిక్ అయితే అందులో మెరుపు రేణువులు 1/24 కారు మీద ఇసుక రేణువుల్లా కనిపిస్తాయి.

ఎయిర్‌బ్రష్ ఉంది, సెట్టింగ్స్ చెప్పండి

0.3 మిల్లీమీటర్ల నాజిల్, 15 నుంచి 20 పీఎస్ఐ గాలి ఒత్తిడి, రంగు పాల చిక్కదనం. కప్పు గోడ మీదకి రంగు ఎగదోస్తే పాలలాగే జారిపోవాలి. మెరిసే (గ్లాసీ) రంగులకి ఇంకొంచెం పల్చగా చేసి, నెమ్మదిగా ఆరే లెవెలింగ్ థిన్నర్ కలిపితే సాఫీగా పరుచుకుంటుంది.

పెయింట్ నారింజ తొక్కలా వచ్చింది, దుమ్ము కూడా పడింది. పోయినట్టేనా?

పోలేదు, కానీ ఇప్పుడే ముట్టుకోకండి. ఆలస్యం అమృతం విషం అనే మాట ఈ హాబీలో రివర్స్. తడి రంగులో పడిన దుమ్ముని ట్వీజర్‌తో తీద్దామని వెళ్ళి మొత్తం చెడగొట్టుకున్నవాళ్ళే అందరూ. లాకర్ అయితే ఒక వారం, ఎనామెల్ అయితే ఇంకా ఎక్కువ. ఆరిందో లేదో తెలియాలంటే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి, వాసన వస్తోందంటే ఇంకా ఆరుతోందని.

తర్వాత 2000 వాటర్ పేపర్, నీళ్ళలో ఒక చుక్క సబ్బు వేసి, పేపర్ తడిపి, బరువు వేయకుండా రుద్దండి. మెరుపు పోయి మొత్తం ఒకేలా మసగ్గా అవ్వాలి, మధ్యమధ్యలో మెరుస్తున్న చుక్కలు మిగిలితే అవి ఇంకా గుంటలన్నమాట. 3000 దాకా వెళ్ళి ఆ తర్వాత పాలిషింగ్ కాంపౌండ్, టమియావి కోర్స్, ఫైన్, ఫినిష్ అని మూడు ఉంటాయి, మెత్తటి గుడ్డతో ఒక్కోటి. అంచుల దగ్గర, డోర్ గాడుల పక్కన, బానెట్ మడతల మీద రంగు పల్చగా ఉంటుంది, నాలుగు రుద్దులకే ప్రైమర్ బయటపడుతుంది, అందుకే అక్కడ ముందే సన్న మాస్కింగ్ టేప్ వేసేసి ఆఖర్న టేప్ తీసి చేత్తో మెల్లగా చేయండి. మెటాలిక్ రంగు మీద మాత్రం నేరుగా పేపర్ పెట్టకూడదు, రేణువులు చెదిరి మచ్చలొస్తాయి. పైన క్లియర్ వేసి ఆ క్లియర్‌నే రుద్దాలి.

డెకాల్స్ (నీళ్ళలో నానబెట్టి అతికించే స్టిక్కర్లు) క్లియర్ కోట్‌కి ముందా తర్వాతా?

ముందు. మెరిసే ఉపరితలం మీద అతికిస్తే కింద గాలి చేరదు, గరుకు మీద అతికిస్తే చుట్టూ వెండి రంగు మబ్బులా కనిపిస్తుంది. వంపుల మీద డెకాల్ సాఫ్ట్‌నర్ వేస్తే ముందు భయంకరంగా ముడుచుకుంటుంది, కంగారుపడి చెయ్యి పెట్టకండి, ఆరేసరికి అదే సర్దుకుంటుంది. బాగా ఆరాక క్లియర్, అది కూడా మొదట పల్చటి తుంపర్లే, లాకర్ క్లియర్ ఒకేసారి తడిగా కొడితే డెకాల్ కరిగి ముడత పడుతుంది.

రెండు భాగాలు కలిపే 2కే క్లియర్ వాడొచ్చా?

మెరుపు విషయంలో దానికి పోటీ లేదు. కానీ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, అవి ఊపిరితిత్తులకి చాలా చెడ్డవి, గుడ్డ మాస్క్ దేనికీ పనికిరాదు. సరైన రెస్పిరేటర్, గ్లవ్స్, గాలి బయటికి లాగే ఏర్పాటు లేకపోతే వద్దు. మామూలు లాకర్‌కి కూడా ఆర్గానిక్ వేపర్ ఫిల్టర్ ఉన్న మాస్క్ పెట్టుకోండి.

కిటికీల చుట్టూ క్రోమ్ పట్టీలు ఎలా వేస్తారు? బ్రష్‌తో వేస్తే బూడిద రంగులో ఉంది

బేర్ మెటల్ ఫాయిల్ అని వెంట్రుక కన్నా పల్చటి జిగురు రేకు ఉంటుంది. పట్టీ కన్నా వెడల్పు ముక్క కోసి, అతికించి, ఇయర్ బడ్‌తో మెల్లగా రుద్ది అద్దించి, టూత్‌పిక్‌తో అంచుల్లోకి నొక్కి, కొత్త బ్లేడ్‌తో పట్టీ అంచు వెంబడి కోసి మిగతాది ఒలిచేయాలి. కొత్త బ్లేడ్ అని ఊరికే అనలేదు, నిన్నటి బ్లేడ్ కూడా రేకుని చింపుతుంది. అంత ఓపిక లేకపోతే మొలోటో క్రోమ్ పెన్ బానే ఉంటుంది, కాకపోతే కొన్ని రోజులు చెయ్యి తగలకూడదు, మీద క్లియర్ వేస్తే మెరుపు తగ్గిపోతుంది.

బాడీ మీద చిన్న అక్షరాల్లో కారు పేరు ఉబ్బెత్తుగా ఉంటుంది చూశారా, దానికి ఒక చిట్కా. రంగు వేయకముందే ప్రైమర్ మీద ఆ అక్షరాలకి ఫాయిల్ అద్దించి, అంచులు కోసేసి, దాని మీదుగానే రంగు వేసేయండి. తర్వాత టూత్‌పిక్ చివర గుడ్డ చుట్టి, థిన్నర్‌లో తడిపి, దాదాపు పొడిగా అయ్యాక అక్షరాల తలల మీద మాత్రం అలా అలా రాయండి. పైన రంగు పోయి కింద ఫాయిల్ ఒక్కో అక్షరంగా మెరుస్తూ బయటికొస్తుంది. మొదటిసారి అది చూసినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డా.

కిట్‌లో వచ్చిన క్రోమ్ మరీ బొమ్మలా ఉంది, తీసేయొచ్చా?

ఇంట్లో వాడే బ్లీచ్ ద్రవంలో వేస్తే పోతుంది, పైనున్నది పల్చటి అల్యూమినియం పొరే. కొన్ని నిమిషాల్లో పోవచ్చు, కొన్ని గంటలు పట్టొచ్చు. గ్లవ్స్ వేసుకోండి, బ్లీచ్‌ని అమ్మోనియా ఉన్న క్లీనర్లతో గానీ యాసిడ్‌తో గానీ కలపొద్దు, విషవాయువు వస్తుంది. తర్వాత మెరిసే నలుపు వేసి దానిమీద ఆల్‌క్లాడ్ అనే లోహపు రంగు వేస్తే నిజం లోహంలా ఉంటుంది.

అద్దాలు అతికించాక తెల్లగా పొగ పట్టినట్టు అయ్యాయి!

సూపర్ గ్లూ వాడారు. దాని ఆవిరి అద్దం మీద పేరుకుంటుంది. పాలిషింగ్ కాంపౌండ్‌తో రుద్దితే చాలావరకు పోతుంది. అద్దాలకి ఎప్పుడూ వైట్ గ్లూ లాంటిదే, ఆరాక పారదర్శకం అయిపోతుంది, ఎక్కువైతే తడి ఇయర్ బడ్‌తో తుడిచేయొచ్చు. ఈ కాలం కార్లకి అద్దం చుట్టూ నల్ల బోర్డర్ ఉంటుంది కదా, అది మాస్క్ చేసి లోపలి వైపు నుంచి వేయాలి. వెనక లైట్లకి టమియా ఎక్స్-27 క్లియర్ రెడ్, ఇండికేటర్లకి ఎక్స్-26 క్లియర్ ఆరెంజ్, వెనక కాస్త ఫాయిల్ పెడితే లైట్ నిజంగా వెలుగుతున్నట్టుంటుంది.

ఇంజిన్‌కి వైర్లు వేయాలనుంది, ఏ మందం?

లెక్క వేసుకోండి. అసలు స్పార్క్ ప్లగ్ వైర్ 8 మిల్లీమీటర్లు అనుకుంటే 24 తో భాగిస్తే 0.33. కాబట్టి 0.3 నుంచి 0.4 మధ్య వైర్, అదే సైజు డ్రిల్ బిట్, చేత్తో తిప్పే పిన్ వైస్. అంతకన్నా లావు వేస్తే ఇంజిన్‌లోంచి తాళ్ళు వేలాడుతున్నట్టుంటుంది. మిగిలిపోయిన ప్లాస్టిక్ ఫ్రేమ్ ముక్కని కొవ్వొత్తి మీద, మంట తగలకుండా, మెత్తబడేదాకా వేడి చేసి దూరం జరిపి లాగితే సన్నటి తీగ వస్తుంది, యాంటెన్నాకి అదే.

టైర్లకి నల్ల రంగు వేయాలా?

వద్దు. కిట్ రబ్బరు టైర్లు మరీ నిగనిగలాడతాయి, నడిమధ్యలో అచ్చు గీత కూడా ఉంటుంది. 400 పేపర్ మీద టైర్‌ని దొర్లిస్తే రెండూ పోతాయి. పాత కిట్లలో మెత్తటి వినైల్ టైర్లు ప్లాస్టిక్‌కి ఆనుకుని ఏళ్ళ తరబడి ఉంటే దాన్ని కరిగించేస్తాయి, అద్దాలతో కలిపి ఒకే కవర్‌లో అస్సలు పెట్టకండి.

మొత్తం చెడిపోయింది, రంగు తీసేసి మళ్ళీ మొదలెట్టొచ్చా?

హాయిగా. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో మూత ఉన్న డబ్బాలో రాత్రంతా నానబెట్టి టూత్‌బ్రష్‌తో తోమండి. అసిటోన్, లాకర్ థిన్నర్ మాత్రం వద్దు, రంగుతోపాటు కారూ పోతుంది.

అన్నీ అయ్యాయి, తీరా చూస్తే బాడీ చాసిస్ మీద కూర్చోవట్లేదు

రంగు వేయకముందే మాస్కింగ్ టేప్‌తో మొత్తం కారు ఒకసారి కూర్చి చూసుంటే తెలిసేది, చక్రాలు మడ్‌గార్డు మధ్యకి వస్తున్నాయా, సీట్ల ట్రే రూఫ్‌కి తగులుతోందా అని. ఇప్పుడైతే లోపలి వైపు రంగు గడ్డ కట్టిన చోట గీకండి, బాడీ కింది అంచులు రెండూ కొంచెం విడదీసి ముందు ముక్కు వైపు ఎక్కించి తర్వాత వెనక వైపు దించండి. బలవంతం చేస్తే పిల్లర్ విరుగుతుంది, అప్పటికి ఇరవై రోజుల పాలిష్ మీద ఉన్నారు మీరు. వైపర్లు, నంబర్ ప్లేట్లు ఆ తర్వాత. సైడ్ మిర్రర్లు అన్నిటికన్నా ఆఖర్న, షెల్ఫ్‌లో పెట్టేముందు, ఎందుకంటే బాడీ తిరగేసిన ప్రతిసారీ ముందు విరిగేవి అవే. నా దగ్గర ఎడమ మిర్రర్ లేని కార్లు మూడున్నాయి, మూడూ కుడివైపు కనపడేట్టే పెట్టాను.